మంటను మెయిన్ రోడ్డుకు తేవలెను

మా గంధంవారి సందు వెడల్పు అయిదడుగుల రెండంగుళాలు. ఈ సంగతి మా భుజాలకూ సైకిలు హ్యాండిళ్ళకూ ఎప్పట్నుంచో తెలుసుగాని, అంకెల్లో తెలిసింది మాత్రం ప్రత్యేకాధికారి విభీషణరావుగారు టేపు పట్టుకుని వచ్చిన రోజునే.

సందుకు ఒక పక్క బియ్యం మిల్లు వెనక గోడ. రెండో పక్క వరసగా పద్దెనిమిది ఇళ్ళు. ఇంటికీ ఇంటికీ మధ్య ఒకటే గోడ. తొమ్మిదో ఇంట్లో తుమ్మితే పదో ఇంట్లో "చిరంజీవ" అంటారు. ఆ పదో ఇల్లు నాది. పేరు జోగారావు. కొట్లకూ ఆఫీసులకూ బోర్డులు రాస్తాను. అందుచేత ఈ వ్యవహారంలో వెలువడిన ప్రతి ఉత్తర్వునూ ముందు చదివినవాణ్ణి నేనే, ఆఖరిది తప్ప అన్నిట్నీ రేకు మీద దిద్దినవాణ్ణీ నేనే.

ఆ వేసవిలో ఎక్కడో పై జిల్లాలో ఒక ఇంట్లో అంటుకుని వరసగా తొమ్మిదిళ్ళు కాలిపోయాయి. మనుషులకేమీ కాలేదు. కాని పేపర్లో పడేసరికి మా నీలాద్రిపేట పురపాలక సంఘం ఉలిక్కిపడింది. 'ఇరుగుపొరుగు అగ్నిసంసిద్ధత పథకం' అని ఒకటి పెట్టి, దానికి విభీషణరావుగార్ని వేసింది. అంతకుముందు ఆయన ఊళ్ళో కుక్కల్ని లెక్కపెట్టే పనిలో ఉండేవాడు. మనిషి చెడ్డవాడు కాడు. ఎవర్నీ కసిరేవాడు కాదు. పల్చటి మీసం, చంకలో ఫైలు, కాగితం మీద అపారమైన నమ్మకం.

ఆయన వెంట ఫైరు స్టేషను నుంచి దానయ్య వచ్చాడు. ముప్ఫై ఏళ్ళుగా మంటలార్పుతున్న మనిషి. టేపు రెండో కొస అతనే పట్టుకున్నాడు.

"అగ్నిమాపక వాహనం వెడల్పు ఎనిమిదడుగులు. సందు అయిదడుగుల రెండంగుళాలు. లోటు, రెండడుగుల పదంగుళాలు" అని విభీషణరావుగారు రాసుకున్నారు.

"బండి రాదండి అయ్యగారూ. గొట్టం వత్తాదండి" అన్నాడు దానయ్య. "సందు మధ్యన ఓ పంపు పెట్టించండి. ఇంటికో బకెట్టు నీళ్ళు, రెండు తడి గోనెసంచులు ఉంచుకోమనండి. గేసు ఎలా కట్టాలో ఆడోళ్ళకీ మగోళ్ళకీ ఓ పూట నేను చూపిత్తానండి. అంతేనండి ఆయ్."

విభీషణరావుగారు జాలిగా చూశారు. "దానయ్యా, నువ్వు చెప్పేది అనుభవం. నాకు కావలసింది విధానం."

విధానం వారం రోజుల్లో తయారైంది. సందు వెడల్పు చేయడం పట్టణ ప్రణాళికా విభాగం పరిధిలోది. బండిని సన్నం చేయడం తయారీదారుల పరిధిలోది. మిగిలింది మంట ఒక్కటే. అది ఎవరి పరిధిలోనూ లేదు గనక ప్రత్యేకాధికారి పరిధిలోకి వస్తుంది. మంట ఉన్నచోటికి బండి రాలేనప్పుడు బండి ఉన్నచోటికి మంట రావలెను. పసుపు రేకు మీద ఎర్ర రంగుతో నేను ఇలా రాశాను: "అగ్నిప్రమాదము సంభవించినచో గృహస్థులు మంటను మెయిన్ రోడ్డుకు తేవలెను. తెచ్చునపుడు ఎడమవైపున నడవవలెను."

బోర్డు మేకులు కొడుతుంటే పదకొండో ఇంటి వరహాలమ్మ వచ్చి నిలబడింది. ఆవిడ జంతికలూ చేగోడీలూ చేసి బజారు కొట్లకు వేస్తుంది. తెల్లారి ఆరింటికి మూకుడు పెడితే మధ్యాహ్నం దాకా ఆ పొయ్యి ఆరదు. మా సందుకు వాసన ఆవిడదే, నోరూ ఆవిడదే.

"ఒరే జోగీ, మంటని తేవాలంటావేంటి? చంకనెత్తుకునా, చెయ్యట్టుకునా?"

"అది ఉత్తర్వులో లేదు వరహాలత్తా."

"లంకంతా కాలినా విభీషణుడి కొంప కాల్లేదంట. ఆ పేరు పెట్టుకున్నాయనకి మన బాధ ఏం తెలుత్తాదిలే" అని లోపలికి పోయింది.

నెల తిరక్కముందే రెండో ఉత్తర్వు వచ్చింది. ఈసారి విభీషణరావుగారు సందులో మమ్మల్నందర్నీ నిలబెట్టి స్వయంగా వివరించారు. వెడల్పుగా నిలబడే వీలులేక మేం బారుగా నిలబడ్డాం.

"మనిషికి తన ఇంట మంట చూస్తే కంగారు. పొరుగింట మంట చూస్తే తెలివి. ఇది మానవ స్వభావం. కావున ఇకమీదట ఎవరి ఇంటి మంటను వారు ఆర్పరాదు. గోడ కలిసిన ఇళ్ళను జంటలుగా విభజించడమైనది. ఒకరి ఇంటికి మరొకరు ఆర్పకులు. పొయ్యి వెలిగిన ప్రతిసారీ ఆర్పకుడు ఎర్ర బకెట్టుతో పొయ్యి సమీపమున హాజరై ఉండవలెను."

ఒకటికి రెండు, మూడుకు నాలుగు, అలా చదువుకుంటూ పోయి, "పదకొండుకు పన్నెండు" అన్నారు. సందంతా ఒక్కసారి వరహాలమ్మ వైపు తిరిగింది.

పన్నెండో ఇల్లు పరాంకుశంగారిది. పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన పెద్దమనిషి. ఆయనకూ వరహాలమ్మకూ తొమ్మిదేళ్ళుగా మాటల్లేవు. ఆయన భార్య చనిపోయిన నెలలోనే, వరహాలమ్మ ఇంట్లో రోకలి పోటుకు ఆ ఉమ్మడి గోడ అదిరి ఆయన భార్య పటం కిందపడి అద్దం పగిలింది. వరహాలమ్మ పరుగున వెళ్ళి తప్పయిపోయిందని చెప్పబోతే ఆయన తలుపు వేసుకున్నాడు. ఆ తలుపు మళ్ళీ ఆవిడ కోసం తెరుచుకోలేదు. ఆవిడ ఇంకెప్పుడూ రోకలి పట్టలేదు. పిండి మరకు పంపించేది.

మర్నాడు ఆరింటికి నన్ను ఎవరో గట్టిగా పిలిచారు. వెళ్ళి చూద్దును గదా, వరహాలమ్మ వంటింట్లో పరాంకుశంగారు పీట మీద బిర్రబిగుసుకుని కూర్చుని ఉన్నారు. ఒళ్ళో ఎర్ర బకెట్టు.

"జోగారావ్, నేను హాజరయ్యానని ఆవిడతో చెప్పు."

ఆవిడ ఆయనకు రెండడుగుల దూరంలో ఉంది.

"చూసేన్లేరా. ఆ బకెట్టు పిండి మీద తొణక్కుండా పట్టుకోమను."

"తొణకదని చెప్పు."

అలా నన్ను మధ్యన పెట్టుకుని రెండు వాయిల చేగోడీలు దించింది. తరవాత ఆయన కాఫీ వేళయింది. ఆయన పొయ్యి వెలిగించాలంటే ఆవిడ హాజరు కావాలి గనక, ఆవిడ తన పొయ్యి కట్టి, పిండి చేతులతోనే బకెట్టెత్తుకుని పక్కింటికి బయల్దేరింది. రెండిళ్ళ మధ్య ఉన్నది ఒక గోడే అయినా, ఈ గుమ్మం దిగి సందులోకొచ్చి ఆ గుమ్మం ఎక్కాలి. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ఇద్దరూ అలా ఏడుసార్లు తిరిగారు. సందంతా అదే తంతు. ఒకళ్ళ బకెట్టు ఒకళ్ళ మోకాళ్ళకు తగిలి, ఆ వారం మా సందులో కుంటని మనిషి లేడు.

నాలుగో రోజున పరాంకుశంగారు ఉప్మా మొదలుపెట్టారు. వరహాలమ్మ బకెట్టు పక్కన పెట్టుకుని చూస్తోంది. నేను గుమ్మంలో ఉన్నాను. ఆయన నీళ్ళు మరక్కుండానే పచ్చి రవ్వ గుమ్మరించబోయేసరికి ఆవిడ ఆగలేకపోయింది.

"అయ్యో, పంతులుగారండీ! రవ్వ ముందు వేపాలండీ!"

తొమ్మిదేళ్ళలో మొదటి మాట. ఆయన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"ఎంతసేపు?" అన్నారు, నా వంక చూడకుండా.

"కమ్మటి వాసన వచ్చేదాకానండి. ఇన్నేళ్ళూ పచ్చి రవ్వ తిన్నారేంటండీ?"

"చెప్పేవాళ్ళెవరున్నారు?"

ఆవిడ గరిటె అందుకుంది. రవ్వ వేపి ఇచ్చింది. ఆయన ఉప్మా తిని, చెయ్యి కడుక్కుని, గోడ మీది పటం వైపు తిరిగి నిలబడ్డారు.

"ఆ రోజు తలుపు మీ మీద కోపంతో వేయలేదు వరహాలమ్మగారూ. ఏడుస్తున్నాను. మీరు చూస్తారని వేశాను. తరవాత తియ్యడానికి మొహం చెల్లలేదు."

"ఆ ముక్క అప్పుడే అనుంటే నేనూ కూర్చుని ఏడ్చేదాన్ని కదండీ" అందావిడ.

ఆ రోజు నుంచి నా అవసరం లేకపోయింది. ఆయన చేగోడీలు చుట్టడం నేర్చుకున్నారు. పోస్టాఫీసులో ముద్రలు కొట్టిన చెయ్యి, ఒక్క చేగోడీ వంకర పోయేది కాదు. ఆవిడకు కోపమొస్తే ఆయన నవ్వేవారు. ఆయన నవ్వు ఎలా ఉంటుందో సందులో సగం మందికి అప్పుడే తెలిసింది.

సరిగ్గా అప్పుడే తనిఖీ వచ్చింది.

విభీషణరావుగారు వంటింట్లోకి వచ్చి చూస్తే, ఆర్పకుడు పీట మీద కాలు మీద కాలేసుకుని జంతిక నములుతున్నాడు. బకెట్టు నీళ్ళలో మినప్పప్పు నానుతోంది.

"ఏమిటిది పరాంకుశంగారూ? విధి నిర్వహణలో తినుబండారమా?"

"ఉప్పు సరిపోయిందో లేదో చూస్తున్నానండీ."

"మీకు ఈమెతో పరిచయం ఏ స్థాయిలో ఉన్నది?"

"పక్కిల్లేనండీ" అన్నారు పరాంకుశంగారు.

విభీషణరావుగారు ఫైలులో "సఖ్యత" అని రాసి రెండు గీతలు గీశారు. ఆయన తర్కాన్ని తప్పుపట్టడానికి లేదు. పరాయి మంట గనక తెలివిగా ఆర్పుతాడని పక్కవాణ్ణి పెడితే, ఆ పక్కవాడు కాస్తా దగ్గరవాడైపోయాడు. దగ్గరవాడి ఇల్లు అంటుకుంటే కంగారే గాని తెలివి ఉండదు. విచారించగా సందులో పద్దెనిమిది ఇళ్ళలోనూ ఇదే రోగం బయటపడింది. ఆఖరికి నామీద కూడా "తొమ్మిదో ఇంటివారితో పేకాట" అని రాశారు.

మూడో ఉత్తర్వు ప్రకారం ఆర్పకులందరికీ బదిలీలు అయ్యాయి. ఒకరినొకరు ఎరగని ఇళ్ళకు. పరాంకుశంగారిని కాలవ అవతల నాలుగో వార్డుకు వేశారు. వరహాలమ్మకు ఆ నాలుగో వార్డు నుంచి ఒక గడియారాల రిపేరు ఆయన్ని ఇచ్చారు. ఆయన కొట్టు సర్దుకుని, వంతెన దాటి, బకెట్టుతో మా సందు చేరేసరికి పదయ్యేది. అప్పటిదాకా వరహాలమ్మ పొయ్యి వెలిగించడానికి వీల్లేదు. ఆయన ఒంటిగంటకు భోజనానికి వెళ్తే మళ్ళీ ఆర్పేయాలి.

పొద్దున్నే కాలవ వంతెన మీద చూడాలి ఆ దృశ్యం. ఇటువాళ్ళు అటు, అటువాళ్ళు ఇటు, అందరి చేతుల్లోనూ ఎర్ర బకెట్లు, ఒక్కరి కడుపులోనూ కాఫీ లేదు. ఊరందరూ ఊరందరి వంటిళ్ళనూ కాపలా కాస్తుంటే, ఎవరి ఇంట్లో వారు మాత్రం లేరు. కొట్లవాళ్ళు వరహాలమ్మకు కబురు మీద కబురు పెట్టారు. సరుకు ఇలాగే ఆలస్యమైతే వేరేచోట తెచ్చుకుంటామన్నారు. ఇరవై రెండేళ్ళ వాడిక. ఆవిడ మొహంలో మొదటిసారి భయం చూశాను.

"మంటొచ్చి పోయేది ఒకేసారి పోద్దిరా జోగీ. ఈయన రోజూ కాసింత కాల్చేత్తన్నాడు" అంది.

ఈ దశలో పథకం విజయవంతమైందని ప్రకటించాలని నిర్ణయమైంది. జిల్లా నుంచి పెద్ద ఆఫీసరుగారు వస్తారు. ఆయన ఎదుట నమూనా అగ్నిప్రమాదం. పదకొండో ఇంటి ఆర్పకుడు తప్ప మిగతావాళ్ళందరికీ ఆ పూట బకెట్టు డ్యూటీ సెలవు. నమూనాకు పదకొండో ఇంటిని ఎంపిక చేశారు. "మండుటకు అత్యంత అనుకూలమైన గృహము" అని కారణం రాశారు. పెద్ద ఆఫీసరుగారికి ఎండ తగలకుండా సందు పొడవునా షామియానా వేసి, తాళ్ళు మా ఇళ్ళ చూరులకు కట్టారు. గుడ్డ పొడవునా రంగు కాగితాల తోరణాలు. సందు మొదట్లో స్వాగత ద్వారం, దాని ముందు వేదిక, వేదిక వెనక రోడ్డు మీద పూలదండలు వేసిన ఫైరింజను.

దానయ్య షామియానా కేసి చూసి గొణిగాడు. "అయ్యగారూ, దీని కింద నుంచి మంట తెత్తారా?"

"ఎడమవైపున తెస్తారు" అన్నారు విభీషణరావుగారు.

పదకొండు గంటలకు ఈల వేశారు. కుంపట్లో కొబ్బరి డొక్కలు పేర్చి, మంట బాగా కనిపించాలని ప్రత్యేకాధికారి స్వయంగా కిరసనాయిలు పోయించారు. నియమిత ఆర్పకుడి హోదాలో గడియారాల ఆయన కుంపటిని పటకారుతో ఎత్తి, వరహాలమ్మ గుమ్మం దిగి, ఎడమవైపున నడవసాగాడు. ముందు సన్నాయి, వెనక మేము. పదో గుమ్మం దగ్గర, అంటే సరిగ్గా నా గుమ్మం దగ్గర, గాలి తిరిగింది. ఒక నీలం కాగితం తోరణం అంటుకుంది. దాన్నుంచి ఎర్రది. ఎర్రదాన్నుంచి గుడ్డ.

వేదిక మీద చప్పట్లు మోగాయి. నమూనా ఇంత సహజంగా ఉంటుందని పెద్ద ఆఫీసరుగారు ఊహించలేదు.

జనం కకావికలయ్యారు. నాలుగు దిక్కులా పరిగెత్తడానికి మా సందుకు రెండే దిక్కులు. వరహాలమ్మ మాత్రం వెనక్కి తన ఇంట్లోకే పరిగెత్తింది. లోపల గ్యాసు సిలిండరుంది. అది కట్టి వెనక్కి తిరిగేసరికి మండుతున్న గుడ్డ పెద్ద చుట్టలా ఆవిడ గుమ్మం ముందు పడింది. గుమ్మం మీది తాటాకు పందిరి పొగ కక్కడం మొదలుపెట్టింది. ఆ ఇంటికి వేరే దారి లేదు. వెనక మురిక్కాలవ గోడ.

"బండి! బండి!" అని అరిచారు. బండి ఉంది. కాని పెద్ద ఆఫీసరుగారి కారుకు దుమ్ము లేవకూడదని పొద్దున్నే దానిలో నీళ్ళన్నీ రోడ్డు మీద చల్లించారు.

స్వాగత ద్వారం కింద విభీషణరావుగారు గబగబా ఫైలు తిప్పుతున్నారు. "షామియానా గృహము కాదు. దీనికి ఆర్పకుడు లేడు. పదకొండో ఇంటి ఆర్పకుడెక్కడ?"

పదకొండో ఇంటి ఆర్పకుడు కుంపటి వదిలేసి వంతెన దగ్గర ఉన్నాడు. ఆయన్ని తప్పుపట్టను. ఆయనకు మేమెవరమో తెలియదు.

ఈలోగా దానయ్య మిల్లు గోడ వారనున్న మురిక్కాలవలో బూట్లతోనే దిగి, తను తెచ్చుకున్న గోనెసంచులు తడిపి విసరడం మొదలుపెట్టాడు. సందులో ఎవరికందింది వాళ్ళు అందుకుని గుడ్డ మీదా పందిరి మీదా కొడుతున్నారు. నేనూ ఒక సంచి పట్టుకోబోతుండగా పరాంకుశంగారు నా జబ్బ పట్టుకు లాగారు.

"మా ఇంట్లో గునపముంది. రా!"

ఆయన ఇంట్లోకి పరిగెత్తాం. ఆయన ముందు పటం తీసి మంచం మీద పెట్టారు. తరవాత డెబ్బై ఏళ్ళ మనిషి గునపమెత్తి గోడను పొడిచారు. మట్టి అడుసుతో కట్టిన ఇటుక గోడ. మొదటి పోటుకు సున్నం రాలింది. మూడో పోటుకు ఇటుక కదిలింది. ఆయన ఆయాసం చూసి నేను అందుకున్నాను. అవతల దగ్గు వినిపిస్తోంది. కన్నం చేయిపట్టేంత అయ్యేసరికి పొగతో పాటు మాట కూడా వచ్చింది.

"పంతులుగారండీ! పటం తీసేరా ముందు?"

"తీశాను, తీశాను! మీరు రండి!"

"ఆగండి, సిలిండరు ఇత్తన్నాను."

కన్నం ఇంకాస్త పెద్దది చేస్తే ముందు సిలిండరు వచ్చింది. తరవాత చేగోడీల డబ్బా వచ్చింది. తరవాత వరహాలమ్మ భుజాల దాకా వచ్చి ఇరుక్కుంది. మరో నాలుగిటుకలు పడగొట్టి ఇద్దరం లాగితే బయటపడింది. మొహమంతా మసి. నేల మీద కూర్చుని, దగ్గి, ఊపిరి పీల్చుకుని, ఇంటి కప్పుకేసి చూసింది. పరాంకుశంగారు గునపం వదల్లేదు.

"ఏం కాలేదు కదండీ. ఎందుకలా వణికిపోతారు?" అందావిడ. అని, తనే ఏడ్చేసింది. ఈసారి ఆయన తలుపేసుకోలేదు. పక్కన కూలబడి తనూ ఏడ్చారు.

బయట పందిరి సగం కాలి ఆరింది. షామియానా పోయింది. విభీషణరావుగారి మీసం ఎడమవైపు పోయింది. ఇంకెవరికీ ఏమీ కాలేదు.

పది రోజులకు సంజాయిషీ నోటీసు వచ్చింది. ఒకటి, నియమిత ఆర్పకుడు కాని వ్యక్తి అనధికారికముగా ఒకరిని కాపాడుట. రెండు, సదరు కాపాడబడిన వ్యక్తి అందుకు సహకరించుట. మూడు, అనుమతి లేకుండా ఉమ్మడి గోడకు కన్నము వేయుట. ఏడు రోజులలోగా జవాబు.

పరాంకుశంగారు మంచి కాగితం తీసుకుని జవాబు రాయబోతుంటే, దానయ్య వచ్చి కన్నం చుట్టూ చెయ్యి పెట్టి చూశాడు.

"దీన్ని పూడ్చకండి బాబుగారూ. సరిచేసి చిన్న రేకు తలుపు పెట్టించుకోండి. మంటొత్తే మూసుకోవచ్చు, మనిషొత్తే తీసుకోవచ్చు. రెండో దారి లేని ఇల్లు ఇల్లు కాదండి."

మూడు రోజుల్లో తలుపు లేచింది. దాన్ని చూసి నేనూ వరహాలత్త గోడకు తలుపు పెట్టించాను. నన్ను చూసి తొమ్మిదో ఇల్లు. సెలవు రోజుల్లో దానయ్య వచ్చి చూసుకునేవాడు. నెల తిరిగేసరికి పద్దెనిమిది ఇళ్ళకూ పదిహేడు చిన్న తలుపులు. ఒక వాన రోజున మొదటింటి ఆవిడ గొడుగు లేకుండా పద్దెనిమిదో ఇంటికి పేరంటానికి వెళ్ళొచ్చింది.

ఈ సంగతి తెలిసి విభీషణరావుగారు తనిఖీకి వచ్చారు. మీసం ఎడమ సగం అప్పుడప్పుడే మొలుస్తోంది. మొదటింట్లో వంగి తలుపులో దూరారు. మూడో ఇంట్లో మజ్జిగ ఇచ్చారు. ఆరో ఇంట్లో కూర్చోబెట్టి పనస తొనలు పెట్టారు. పదో ఇంట్లో నేను టీ ఇచ్చాను. పదకొండో ఇంటికి చేరేసరికి ఆయన చంకలో ఫైలు కూడా బరువెక్కింది. వరహాలమ్మ పళ్ళెంలో వేడి జంతికలు పెట్టింది. ఆయన ఒకసారి అటూ ఇటూ చూసి, ఒకటి కొరికారు.

"మీ ఇంటికి ఇరుగుపొరుగు ఎవరండీ?" అని అడిగిందావిడ.

"మున్సిపల్ క్వార్టర్సమ్మా. అటు ట్యాంకు, ఇటు పాత సామాన్ల గోడౌను."

"అయ్యో" అని ఆవిడ ఇంకో నాలుగు జంతికలు వేసింది.

పద్దెనిమిదో ఇంట్లోంచి బయటికొచ్చి ఆయన అరుగు మీద చాలాసేపు కూర్చున్నారు. ఆ తరవాత రాసిన ఉత్తర్వును నేను బోర్డుగా రాయలేదు గాని, నాకు కంఠతా వచ్చు. "తనిఖీలో తేలినదేమనగా, గంధంవారి సందునందలి గృహములన్నియు లోపలి ద్వారములచే కలిసియున్నవి. ఒక చివర ప్రవేశించి బయటికి రాకుండా రెండవ చివర చేరగలిగిన కట్టడము నిర్వచనము ప్రకారము ఒకే గృహము. ఒకే గృహమునందు నివసించువారు ఒకరికొకరు ఇరుగుపొరుగు కాజాలరు. కావున ఇరుగుపొరుగు అగ్నిసంసిద్ధత పథకము వీరికి వర్తించదు. నోటీసులు ఉపసంహరించడమైనది."

ఆ సాయంత్రం సందంతా ఒకరింట్లోంచి ఒకరింట్లోకి తిరిగాం. ఎర్ర బకెట్లలో కొందరు కనకాంబరాలు నాటారు. మర్నాడు మళ్ళీ ఆరింటికే వరహాలమ్మ పొయ్యి వెలిగింది.

ఉత్తర్వు వచ్చిన మూడో నాడు పరాంకుశంగారు అప్పడాలు వేయించుకుందామని మూకుడు పెట్టి, ఎవరో వీధిలో పిలిస్తే వెళ్ళారు. మాటల్లో పడ్డారు. నూనె కాగి కాగి భగ్గుమంది. వరహాలమ్మ చేగోడీలు తిప్పుతున్నదల్లా తన పొయ్యి కట్టి, చిన్న తలుపులోంచి అవతలికి వెళ్ళింది. స్టవ్వు తిప్పేసి, పెద్ద మూత తీసుకుని, పక్కనుంచి మెల్లగా జరిపి మూకుడు మీద పూర్తిగా కప్పింది. చేతులు కొంగుకు తుడుచుకుని వెనక్కి వచ్చి తన పొయ్యి వెలిగించింది. ఒక్క వాయీ మాడలేదు. ఇదంతా నాకు గోడ తలుపుల్లోంచి కనిపించింది. లేవడానికి కుంచె కింద పెట్టేలోపే అయిపోయింది.

పరాంకుశంగారు లోపలికొచ్చి పొగ చూసి, మూత చూసి, తలుపు దగ్గరకు వచ్చి నిలబడ్డారు.

"అప్పడాలకి నూనె అంత కాగక్కర్లేదండి పంతులుగారూ" అంది వరహాలమ్మ, వెనక్కి తిరక్కుండానే. "ఆ మూత చల్లారేదాకా తియ్యకండి. ఈలోపు ఈ చేగోడీలు నాలుగు చుట్టి పెడుదురుగాని, రండి."